బోర్ల వేసిన కాగితం

పొట్లం కట్టిన కాగితాన్ని చదవకుండా పారేయడం నాకు చేతకాదు. పదో తరగతితో బడి మానేసిన నాకు మొదటి గురువులు పల్లీల పొట్లాలే. వాటితో వచ్చే చిక్కల్లా ఒకటే, కథ మంచి పట్టులో ఉండగా కాగితం చిరిగిపోయి ఉంటుంది. మిగతా సగం కోసం వెతుక్కుంటూ చేవెళ్ల లైబ్రరీకి పోయాను. ఆ సగాలు దొరకలేదు గానీ లైబ్రరీ దొరికింది. నేను బోరు మోటార్లు బాగుచేసుకుని బతికేవాడినే అయినా, గ్రహాల గురించీ రోము చక్రవర్తుల గురించీ నలుగురిలో నాలుగు మాటలు చెప్పగలనంటే అది ఆ లైబ్రరీ బల్లల చలవే.

మొన్న చేవెళ్లలో ఒక మోటారు పని ముగించుకుని, బస్టాండు దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు కొన్నాను. అలవాటు ప్రకారం బజ్జీని పక్కకు జరిపి కాగితం చదవడం మొదలుపెట్టాను. ఒక ఆడమనిషి పేరు. పుట్టిన సంవత్సరం. భర్త పేరు. శంకర్‌పల్లి దగ్గరి ఒక ఊరు, ఇంటి నంబరుతో సహా. పక్కన ఫొటో. నూనె అంటి ఆమె ఒక చెంప అద్దంలా మెరుస్తోంది. అంతా చదివేశాక గానీ నా చేతిలో ఉన్నది ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ అని తట్టలేదు. పిలవని ఇంట్లోకి పోయి వంటగది దాకా నడిచినట్టనిపించింది.

“ఏంది తమ్మి ఇది?” అన్నాను బజ్జీల అతనితో.

“ఏమైందన్నా, ఉప్పు తక్కువైందా?”

“ఉప్పు కాదు. ఆధార్!”

అతను మెడ చాచి చూశాడు. “ఓ, అదా. కిలోల లెక్కన తెచ్చుకుంటమన్నా. ఏ కాగితంల ఎవరున్నరో చూసుకుంట కూసుంటే ఈడ బజ్జీలు మాడిపోవా?”

బజ్జీలు తిన్నాను. వాటి మీద నాకు కోపమేమీ లేదు. తిన్నాక ఆ కాగితాన్ని నీళ్ల గ్లాసులో ముంచి, బాగా నానాక పిసికి ఉండ చేశాను. బజ్జీల అతను జాలిగా చూశాడు.

“దిష్టి తీస్తున్నవా అన్నా?”

కాగితాన్ని అట్లా నానబెట్టి పిసకడం నాకు నేర్పింది మొయినాబాద్‌లో జిరాక్స్ మిషను నడిపిన ఒక అక్క. ఆమె చనిపోయి ఏడాది దాటింది. ఆ బండి దగ్గర నా బదులు ఆమే ఉండి ఉంటే బజ్జీల అతని గతి ఏమయ్యేదో తలుచుకుని, బస్సులో మొయినాబాద్ వచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

ఆమె కిరాయికి తీసుకున్న దుకాణం గది, మా మాటలో మడిగె, మొయినాబాద్‌లో పెద్ద రోడ్డు మీద ఉండేది. ఒక పక్క కోళ్ల దుకాణం, ఒక పక్క పంక్చర్ దుకాణం, మధ్యలో ఆమె. నా మోటార్ల షెడ్డు రోడ్డుకు ఇవతల సరిగ్గా ఎదురుగా. ఒక జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, ఫోన్ రీచార్జి, అంతే ఆమె సరంజామా. ఇంట్లో ఉన్న మేకల మందలో సగం అమ్మి ఆ మిషను కొన్నారు. మిగిలిన సగాన్ని వాళ్ల ఊరు హిమాయత్‌నగర్‌లో, పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్క పల్లె, ఆమె భర్త కాసేవాడు. ఇల్లు గడిచేది మాత్రం మిషను మీదే.

ఆమెను ఎరగనివాళ్లకు ముందుగా చెప్పవలసింది, అంత మాటకారిని నేను మండలంలో మరొకరిని చూడలేదు. పొద్దున షట్టరు లేచే చప్పుడు వెనకాలే ఆమె గొంతు లేచేది. భర్త గురక, తోడికోడలు పులుసులో వేసిన చింతపండు, వార్డు మెంబరుగా నిలబడిన మరిదికి సొంత ఇంట్లోనే ఓట్లు పడకపోవడం, అన్నీ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. లామినేషన్‌కు వచ్చినవాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్పేది, ఆ పనికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది కాబట్టి.

“మా ఆయన గురక పెడితే మేకలు లేచి నిలబడ్తయి తమ్మి. పులి వచ్చిందనుకుంటయి పాపం.”

ఆ భర్త మాట తక్కువ మనిషి. ఒకసారి నా షెడ్డులో కూర్చుని, రోడ్డుకు అవతలి నుంచి వినబడుతున్న తన గురక వృత్తాంతం విని నిట్టూర్చాడు. “నా ముచ్చట్లు గూడ ఒక కాగితం మీద రాసి జిరాక్సుకిస్త తమ్మి. అప్పుడన్న ఎవ్వరికి చెప్పదేమో,” అన్నాడు.

అతని మాటలో ఆమె వ్యక్తిత్వం మొత్తం ఉంది. అంత నోరున్న మనిషి, కౌంటరు మీదికి వచ్చిన కాగితం గురించి మాత్రం ఒక్క మాట బయట పెట్టేది కాదు. కులం సర్టిఫికెట్లు, దవాఖాన రిపోర్టులు, విడాకుల కాగితాలు, ఫెయిలైన మార్కుల మెమోలు, మండలంలో సగం మంది గుట్టు ఆ గాజు పలక మీదుగా పోయింది. పోయింది గానీ ఎక్కడా ఆగలేదు.

దానికామె పద్ధతి ఒకటుండేది. కాగితాన్ని బోర్ల పెట్టి ఇయ్యమనేది. ఎవరైనా మొహం పైకి పెట్టి ఇస్తే తీసుకునేది కాదు.

“తిప్పియ్యి బిడ్డ.”

“ఎందుకక్కా, ఎట్లున్నా నువ్వు చూసేదే కదా?”

“మిషను గూడ బోర్ల వేసుకొనే చూస్తది. దానికున్న సిగ్గన్న మనకొద్దా?”

మిషను లోపలి వెలుగు ఆ చివర నుంచి ఈ చివరకు జరుగుతున్నంతసేపూ ఆమె రోడ్డు వంక చూసేది. మెహిదీపట్నం పోయే బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో, కండక్టరుకు ఇవాళ ఎవరి మీద కోపమో చెబుతూ ఉండేది. కాపీ చేతికి వచ్చాక దాన్నీ బోర్లే మడిచి ఇచ్చేది. కాపీ సరిగ్గా రాకపోతే చెత్తబుట్టలో వేసేది కాదు. ఆమె మడిగెలో చెత్తబుట్టే లేదు. కౌంటరు కింద నీళ్లతో నిండిన బకెట్టు ఒకటి ఉండేది. మసకగా వచ్చిన ఆధార్లు, వంకరగా వచ్చిన మెమోలు, రెండుసార్లు పడిన దరఖాస్తులు అన్నీ అందులో మునిగేవి. సాయంత్రానికి అవి మెత్తబడితే నీళ్లు పిండి, ముద్దను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేది.

ఇంటికి ఎందుకంటారా? మా వైపు వెదురు చాటలకూ గంపలకూ గింజలు జారిపోకుండా కాగితం గుజ్జు పూస్తారు. నానబెట్టిన మెంతులు రుబ్బి అందులో కలిపితే పట్టు గట్టిగా ఉంటుంది. పాత పేపర్లతో అందరూ చేసే పనిని ఆమె మండలం కాగితాలతో చేసింది. నచ్చినవాళ్లకు చాట ఒకటి బహుమానంగా ఇచ్చేది. మా ఇంటికీ ఒకటి వచ్చింది. ఎవరి కన్నో, ఎవరి వేలిముద్రో కనబడుతుందేమోనని నేను దాన్ని వెలుగుకు పెట్టి చాలాసేపు చదవడానికి ప్రయత్నించాను. బూడిద రంగు తప్ప ఒక్క అక్షరం చేతికి రాలేదు. నా జీవితంలో నేను చదవలేకపోయిన కాగితం అదొక్కటే.

ఈ జాగ్రత్త ఒకసారి ఆమె మీదికే తిరిగింది. సొంత ఇంటి రేషన్ కార్డును కాపీ తీసుకుని, ఏదో కబుర్లో పడి, అసలుదాన్ని బకెట్టులో వేసి కాపీని సంచిలో పెట్టుకుంది. తెలిసేసరికి కార్డు గుజ్జయింది. మరొకరైతే దాచుకునేవారు. ఆమె ఆ కథను నెల రోజులు తనే ఊరంతా చెప్పింది. “మా ఇంటి బియ్యం ఇప్పుడు చాటలున్నయి తమ్మి, కార్డు గూడ ఆ చాటలనే ఉన్నది,” అని పడీపడీ నవ్వేది.

వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయించుకునేవాళ్లకు మరో పద్ధతి. ప్రింటు అయిపోయాక ఆమె తన ఫోను వాళ్ల చేతికే ఇచ్చేది. “నీది నువ్వే తుడుచుకో. నేను తుడిచిన అంటే నువ్వెట్ల నమ్ముతవు?” విల్లాలో ఉండే ఒక కోస్తా సారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ సంగతిలో ఆమెకంటే పట్టుదల మనిషి.

“ఏమండీ, కంప్యూటర్లో కూడా కాపీ ఉండిపోతుందండీ. అది కూడా తీసెయ్యాలండీ.”

“తియ్యుండ్రి సార్, తియ్యుండ్రి. ఇగో కుర్చీ.”

ఆ సారు కూర్చుని అంతా శుభ్రం చేసి, ఊపులో ఆమె ఫోనులోని మేకపోతు ఫొటోలు కూడా తుడిచేసి పోయాడు. వారం రోజుల పాటు ఆమె నోట అదే మాట. “సారు మంచోడే. కని మా పోతు ఏం జేసిందో సారును?” సారు ఏ కాగితం తెచ్చాడో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత వాళ్ల విల్లాల వాళ్లంతా అక్కడికే వచ్చేవారు.

ఇంజినీరింగ్ కాలేజీ ఆడపిల్లలు రీచార్జికి ఆమె దగ్గరికే ఎందుకు వచ్చేవారో నాకు మొదట్లో అర్థం కాలేదు. కాలేజీ పక్కనే దుకాణాలున్నాయి. కానీ అక్కడ నంబరు గట్టిగా చెప్పాలి, వెనక నిలబడ్డవాడు వింటాడు, సాయంత్రానికి ఎవడో ఫోనులో ‘హాయ్’ అంటాడు. ఈమె ఫోను పిల్లల వైపు తిప్పేది. “నీ నంబరు నువ్వే కొట్టుకో బిడ్డ. నేను బస్సు చూస్త.”

ఒక మధ్యాహ్నం నేను లైబ్రరీ పుస్తకంలోని నాలుగు పేజీలు కాపీ తీయించుకుంటున్నాను. నల్ల కళ్లద్దాల కుర్రాడు ఒకడు వచ్చి కౌంటరు మీద మోచెయ్యి ఆనించాడు.

“ఆంటీ, ఇప్పుడు పోయిన పింక్ డ్రెస్ అమ్మాయి నంబరు జర చెప్పవా?”

“చెప్త బిడ్డ, నంబరుకేం భాగ్యం. ముందు నీ పేరేంది?”

చెప్పాడు. ఊరడిగింది. చెప్పాడు. తండ్రి పేరడిగింది. అదీ చెప్పాడు. తండ్రి ఫోను నంబరడిగింది. ఆశ ఎంత పని చేయిస్తుందో, అదీ చెప్పాడు.

“మంచిగున్నది. ఇగ నేను రోడ్డు మీదికి పోయి ఇవన్ని ఒక్కసారి గట్టిగ చదువన్నా?”

“ఆంటీ! వద్దాంటీ!”

“ఎందుకొద్దు? నీ పేరు మంచిగనే ఉన్నది కదా.”

“మా బాపుకు తెలిస్తే చంపుతడు.”

“ఆ బిడ్డకు గూడ ఒక బాపున్నడు కొడుకా. పో, బస్సొచ్చింది.”

కుర్రాడు బస్సు నంబరు కూడా చూడకుండా ఎక్కాడు. పంక్చర్ దుకాణం అతను వచ్చి, “ఎవడక్కా వాడు? ఏ ఊరోడు?” అని ఆరా తీశాడు. “ఎవరో రీచార్జికొచ్చిండు,” అంది ఆమె. ఆ కుర్రాడి పేరు ఆమె నోట మళ్లీ రాలేదు. నేను విన్నాను గానీ, ఆమె ముందు నాకు కూడా అది మరిచిపోవాలనిపించింది.

ఆ రోజుల్లోనే పేపర్లలో జనం సొంత వివరాల రక్షణ గురించి కొత్త చట్టం వార్తలు వచ్చాయి. నేను లైబ్రరీలో ఆ వ్యాసాలన్నీ చదివి, వచ్చినప్పుడల్లా ఆమెకు పాఠం చెప్పేవాడిని.

“అక్కా, వివరాలిచ్చే మనిషి ఒప్పుకోవాలె. ఏ పనికి ఇచ్చిండో ఆ పనికే వాడాలె. పని అయినంక తుడిచెయ్యాలె. దీన్ని గోప్యత అంటరు.”

ఆమె మిషను ఆపి మరీ విన్నది. “నేను చేసేదే కదా ఇది?”

“అవునక్కా.”

“మరి నన్నడగకుంట నా పద్ధతి ఎత్తుకపోయి చట్టం చేసుకున్నరా? నేను ఒప్పుకున్ననా? ఇప్పుడు ఈ కేసు ఎవరి మీద పెట్టాలె, నీ లైబ్రరీల అది గూడ చూసి చెప్పు.”

ఆ జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇంతదాకా అన్నీ నవ్వుకునే సంగతులే. ఆమె మడిగెకే ముప్పు వచ్చిన రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ మడిగె యజమానిని అందరూ పటేల్ అనేవారు. పక్క ఊళ్లో పాత కుటుంబం, రాజకీయాల్లో ఒక కాలు, భూముల వ్యాపారంలో ఇంకో కాలు. మా వైపు భూముల ధరలు మీకు తెలిసే ఉంటాయి. ఇక్కడ పట్టాదారు పాసుబుక్కు జిరాక్స్ తీయించుకోవడం చిన్న సంగతి కాదు. భూమి అమ్మే ఆలోచన ఉన్న రైతు మొదట చేసే పని అదే. ఆ కబురు ఎవరి చెవిన ముందు పడితే వాళ్లు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయి కూర్చుంటారు. ఇంకొకరు ధర చెప్పేలోపే బయానా డబ్బులు చేతిలో పెట్టి, తమ ధరకు తలూపించుకుని లేస్తారు. రైతుకు మొహమాటం, వాళ్లకు లాభం.

పటేల్ కారు దిగి వచ్చేసరికి నేను మిషను మోటారులో ఏదో చప్పుడు వస్తోందంటే చూడడానికి వెళ్లి, నేల మీద చతికిలబడి ఉన్నాను. నన్ను ఆయన గమనించలేదు.

“ఏం చెల్లె, గిరాకి ఎట్లున్నది?”

“మంచిగున్నది పటేలా. మా ఆయన గురకొక్కటి తగ్గితే ఇంకా మంచిగుంటది.”

“హిమాయత్‌నగర్ దిక్కు ఎవరో పాసుబుక్కు జిరాక్స్ తీయించిండ్రట. రోడ్డు మీది భూమట. ఎవరో జర చెప్పరాదు.”

ఆమె చేతిలోని కాగితాల కట్ట పక్కన పెట్టింది. నేను మిషను వెనక నుంచి తల ఎత్తి చూశాను.

“చూసిన పటేలా,” అంది. “చూడలేదని అబద్ధమెందుకు చెప్పాలె. తీసేటప్పుడు కండ్లు పడనే పడ్తయి. చూసిన. కని చెప్ప.”

“ఏంది?”

“చెప్ప.”

పటేల్ నవ్వాడు. “నీ మొగని గురక చేవెళ్ల దాక తెలుసు. నువ్వు ఒక్క పేరు దాస్తవంటే నేను నమ్మాల్నా?”

“ఆయన నా మొగడు. ఆ గురక నాది. ఈ కాగితం నాది కాదు పటేలా.”

“కిరాయి ఏడాది దాక ఇయ్యకు పో. పేరు చెప్పు.”

“కిరాయి నెల నెల ఇస్త. పేరు ఏ నెల ఇయ్య.”

పటేల్ మొహంలో నవ్వు పోయింది. “అయితే ఈ నెల నిండంగనే మడిగె ఖాళీ చెయ్యి,” అని కారెక్కాడు.

నేను మిషను వెనక నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ నాకు తోచిన సలహా ఇచ్చాను. “చూడలేదంటే పోయేది కదా అక్కా. మాట మర్యాదగ ఉంటుండె, మడిగె గూడ ఉంటుండె.”

“చూడలేదంటే రేపు ఇంకోడు వచ్చి, ఇయ్యాల చూసినవా అంటడు తమ్మి. చూసిన గని చెప్ప అంటే ఇగ ఎవడు రాడు.” “మడిగె కిరాయికిచ్చేటోడు గూడ రాడు కావచ్చు,” అని నవ్వబోయి మానేసింది.

ఆ సాయంత్రం ఆమె మడిగెలో మాట వినబడలేదు. కోళ్ల దుకాణం తమ్ముడు రోడ్డు దాటి వచ్చి, “కరెంటు పోయిందా అన్నా?” అని నన్నడిగాడు.

రోడ్డు మీద ఆమె భరించగలిగే కిరాయికి మరో మడిగె దొరకలేదు. పటేల్‌తో ఎందుకని కొందరు ఉన్న మడిగెలు కూడా లేవన్నారు. నెలాఖరున మిషనుకు దుప్పటి కప్పి, ట్రాలీ ఆటోలో ఎక్కించి, జ్వరం వచ్చిన పిల్లను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని హిమాయత్‌నగర్ పోయింది. సొంత ఇంటి ముందు రేకుల పందిరి కింద, మేకల దొడ్డి పక్కన దాన్ని దించారు. బస్సు ఆగని చోటు, బోర్డు కనబడని సందు. మిగిలిన మేకలనూ అమ్మవలసి వస్తుందేమోనని భర్త నాతో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను మేకల వైపు చూడలేదు.

నేను పలకరించడానికి పోతే ఆమె పందిరి కింద ఒంటరిగా కూర్చుని ఉంది. ఎప్పటిలా నవ్వించాలని, “ఇప్పుడు బకెట్టెందుకక్కా, చెడిపోయిన కాపీలు మేకలకు వేస్తే పాయె,” అన్నాను.

“మేకనెట్ల నమ్ముతవు తమ్మి? సగం తిని, సగం నోట్ల పెట్టుకొని ఊరంత తిరుగుతది.”

మొయినాబాద్‌లో పాత మడిగెలో పటేల్ తన మనిషిని పెట్టి రెండు కొత్త మిషన్లు దించాడు. ఒకటి రంగులది. చల్లగాలి యంత్రం కూడా. జనం అక్కడికే పోయారు. నేను తప్పు పట్టను, ఎండలు అట్లా ఉన్నాయి.

కొన్నాళ్లకు ఒక రైతు పొలంలో మోటారు విప్పుతున్నాను. అతను గట్టు మీద కూర్చుని మోటారు సంగతి వదిలేసి తన సంగతి మొదలుపెట్టాడు.

“పంట లోనుకని పాసుబుక్కు జిరాక్స్ తీయించిన అన్నా, ఆ చల్లటి దుకాణంల. ఇంటికి పోయేసరికి మా వాకిట్ల కారున్నది. ‘భూమి అమ్ముతున్నవటగా’ అంటరు. నా పెండ్లాం నా దిక్కు చూస్తది. మా అన్న నా దిక్కు చూస్తడు. నాకు తెల్వకుంట నా భూమి అమ్ముడుపోయిందన్నా!”

“మరేం చెప్పినవ్?”

“ఏం చెప్తం? మూడు పూటలు వాళ్లకు చాయలు పోసి పంపినం. ఇప్పుడు మా అన్న నాతోని మాట్లాడ్తలేడు.”

ఇట్లాంటివి ఇంకా విన్నాను. ఒకరి ఆదాయం సర్టిఫికెట్ కాపీ అయిన మర్నాడే అప్పిస్తామని ఫోన్లు. ఒకామె దవాఖాన రిపోర్టు సంగతి ఆమె ఇంటికి చేరకముందే వీధికి చేరింది. ఎవరూ గొడవ చేయలేదు. పటేల్ మనిషిని ఒక్క మాట కూడా అనలేదు. చల్లటి దుకాణం ముందు చెప్పులు మాత్రం తగ్గుతూ వచ్చాయి.

నేను గమనించింది షేర్ ఆటోల్లో. హిమాయత్‌నగర్ పోయే ఆటోలో అంతకుముందు కూరగాయల సంచులుండేవి. ఇప్పుడు ఒడిలో ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని, వాటిని పొట్టకు ఆనించుకుని కూర్చునేవాళ్లు కనబడసాగారు. ఎవరూ ఎవర్నీ ఎక్కడికని అడిగేవారు కాదు. కాలేజీ ఆడపిల్లలు ఇద్దరిద్దరు వచ్చేవారు. విల్లా సారు తన కారు ఆ సందులో పట్టక, బయట ఆపి నడిచి వచ్చేవాడు. “ఏమండీ, కొంచెం పెద్ద సందులో పెట్టాల్సిందండీ,” అనేవాడు. “నువ్వు చిన్న కారు కొనాల్సింది సార్,” అనేది ఆమె. ఇంకొన్నాళ్లకు ఆటో డ్రైవర్లు ఆ మలుపు దగ్గర, “జిరాక్స్ ఉన్నరా? జిరాక్స్ వాళ్లు దిగుండ్రి!” అని కేకేయడం మొదలుపెట్టారు. మేకలు అమ్మవలసిన అవసరం రాలేదు. అవి పందిరి కింద వరుసలో నిలబడ్డవాళ్ల చీర కొంగులు నములుతూ హాయిగా ఉన్నాయి. ఆమె గొంతు మళ్లీ ఊరి చివరి దాకా వినబడింది.

ఒక ఎండ మధ్యాహ్నం నేను గ్రహణాల మీద ఒక పుస్తకంలోని బొమ్మలు కాపీ తీయించుకోవడానికి పోయాను. పందిరి కింద నలుగురైదుగురు ఉన్నారు. మలుపు దగ్గర షేర్ ఆటో ఆగింది. అందులోంచి తలకు తువ్వాలు చుట్టుకుని, సగం మొహం దానితోనే కప్పుకుని ఒక పెద్దమనిషి దిగాడు. ఆటోలో ఒదిగి కూర్చోవడం అలవాటు లేని మనిషని దిగడంలోనే తెలుస్తోంది. పటేల్. ఇంటి ముందు రెండు కార్లున్న మనిషి.

అందరూ గుర్తుపట్టారు. అందరూ ఒక్కసారిగా మేకల మీద, రేకుల మీద, ఆకాశం మీద శ్రద్ధ పెంచుకున్నారు. పటేల్ చంకలో గోధుమరంగు కవరు ఉంది. నేను మర్యాదకు పక్కకు జరిగి, “రా పటేలా, ముందు నువ్వు చూసుకో,” అన్నాను.

“లేదు లేదు. నువ్వే కానియ్యి. నాకేం తొందర లేదు.”

వరుసలో వాళ్లందరూ పోయేదాకా ఆయన దొడ్డి గోడ నీడన నిలబడ్డాడు. ఒక మేక ఆయన తువ్వాలు అంచు రుచి చూసింది. ఆమె ఒక్కొక్కరి పనీ ఎప్పటిలాగే చేసింది, తోడికోడలు కొత్తగా కొన్న మిక్సీ గురించి ఎప్పటిలాగే చెప్పింది. నా బొమ్మలు అయిపోయాయి. నేను డబ్బులిచ్చి ఆటో కోసమన్నట్టు నాలుగడుగులు ఇవతలికి వచ్చి నిలబడ్డాను.

“రా పటేలా. తిప్పి ఇయ్యి.”

పటేల్ కవరు విప్పి కాగితాలు తీసి ఇచ్చాడు. ఏం కాగితాలో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె వీధి వంక చూస్తూ, ఎండ గురించి మాట్లాడుతూ ఒక్కొక్కటే తీసింది. ఒకటి మసకగా వచ్చింది. పటేల్ చేయి చాచాడు, ఈలోపే అది బకెట్టులో మునిగింది. అన్నీ అయ్యాక మడిచి చేతిలో పెట్టింది. రేటెంతో చెప్పింది. ఆయన ఇచ్చాడు. పోలేదు.

అటూ ఇటూ చూసి, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించాడు.

“చెల్లె, ఈ ముచ్చట బయటికి పోవద్దు. నువ్వు ఎవ్వరికి చెప్పవు కదా?”

ఆమె ఆయన మొహంలోకి సూటిగా చూసింది. కోపం లేదు, వెటకారం కూడా పెద్దగా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

“అది తెల్వకుంటనేనా పటేలా, నీ రెండు మిషన్లు నీ మడిగెల్నే పెట్టుకొని, గింత ఎండల ఆటో ఎక్కి నా దాక వచ్చింది?”